పదిమంది లేని ఆఫీసు

హిందూపురంలో ఒక మందుల షాపు పైన, మేడ మీది రెండు గదుల్లో నేను మూడేళ్ళు పనిచేశాను. బయట బోర్డు మీద క్రియేటివ్ మార్కెటింగ్ ఏజెన్సీ అని ఉండేది. లోపల మేం ఆరుగురం. యజమాని, ఇద్దరు డిజైనర్లు, కెమెరా పట్టుకునే కుర్రాడు, లెక్కలు రాస్తూ కస్టమర్లకు ఫోన్లు చేసే ఒక అమ్మాయి, నేను. నా పని మాటలు రాయడం. చీరల షాపులకు, కోచింగ్ సెంటర్లకు, కల్యాణ మండపాలకు, పెనుకొండ చుట్టుపక్కల వేసిన ప్లాట్లకు నేను రాసిన వాక్యాలు ఫ్లెక్సీల మీద, కరపత్రాల మీద, సెల్‌ఫోన్లలో తిరిగేవి.

మగ్గం గురించి, బట్టల ఫ్యాక్టరీల గురించి, వ్యవసాయ కూలీల గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్నాం. మేడ మీది ఈ చిన్న గదుల గురించి రాసుకోలేదు. అక్కడ పనిచేసే వాళ్ళు డిగ్రీ చదివినవాళ్ళు, ఫ్యాను కింద కూర్చునేవాళ్ళు, వాళ్ళకేం కష్టమనే అభిప్రాయం మనలో ఉంది. అందుకే ఈ సంచికలో నా అనుభవం నుంచే మాట్లాడాలనుకున్నాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీది ఊళ్ళు. 2017లో కియా కార్ల కంపెనీతో ఒప్పందం కుదిరి, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల తయారీ మొదలయ్యాక ఈ దారి పొడుగునా ప్లాట్లు, లాడ్జీలు, శిక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. ధర్మవరం పట్టుచీరలు ఫోన్లలో బేరమాడి అమ్మడం పెరిగింది. అందరికీ ప్రకటనలు కావాలి. బెంగళూరు వంద కిలోమీటర్లే అయినా అక్కడికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలకు ఇటువంటి ఆఫీసులే దిక్కయ్యాయి. నేనూ అట్లా చేరినదాన్నే.

సంతోషం లేదని చెప్పను. నేను రాసిన వాక్యం మొదటిసారి బస్టాండు ముందు హోర్డింగు మీదికి ఎక్కిన రోజున మా అమ్మను తీసుకుపోయి చూపించాను. చదువురాని మా అమ్మ ఆ అక్షరాలను చాలాసేపు చూసి, "ఇందులో నీ పేరు యాడుంది?" అని అడిగింది. పేరు ఉండదమ్మా అన్నాను. జీతం తీసుకుని రాసిన దాని మీద హక్కు యజమానిదే అవుతుందని తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం అమ్మ ప్రశ్న నాకు వింతగా అనిపించింది.

ఆఫీసులో యజమానిని సార్ అనకూడదు, అన్నా అనాలి. "మనమంతా ఒక కుటుంబం" అనేది ఆయన రోజుకొకసారైనా చెప్పే మాట. నియామక పత్రం అడిగితే, "ఇంట్లోవాళ్ళ మధ్య కాగితాలెందుకమ్మా?" అనేవారు. కుటుంబం కాబట్టి రాత్రి తొమ్మిదయినా ఉండాలి. కుటుంబం కాబట్టి టీ పెట్టాలి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వాలి. ఆ పనులు మా ఇద్దరు ఆడవాళ్ళవే. మోడల్‌కు డబ్బు దండగని మమ్మల్నే చీర కట్టించి కెమెరా ముందు నిలబెట్టేవారు. దానికి వేరే డబ్బు లేదు, ఆ ఫొటోలు ఎన్నాళ్ళు, ఎక్కడెక్కడ వాడుకుంటారో చెప్పేవాళ్ళూ లేరు. ఇంటి చాకిరీకి కూలి ఎందుకు ఉండదని మన ఉద్యమం ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. ఆఫీసును కుటుంబం అన్నప్పుడు జరిగేది కూడా అదే. అన్నను జీతం పెంచమని అడిగే చెల్లెలు గయ్యాళి అవుతుంది.

ఇక రాసిన మాటల సంగతి. ఒకసారి ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంటికి ఫొటోల కోసం వెళ్ళాం. భర్త మగ్గం మీద, భార్య పక్కన కండెలు చుడుతూ ఉంది. ఆమెను పక్కకు జరగమని, మగ్గాన్నీ చీరనూ తీశాం. ఆ చీర కట్టించి నిలబెట్టింది వేరే అమ్మాయిని. తర్వాత ఆ ప్రకటన ఫోన్‌లో చూపిస్తే ఆవిడ, "చీర మాదే పాపా, మేమే యాడా లేము" అంది. కోపంగా కూడా అనలేదు. ఇంకో షాపు వాళ్ళ పవర్‌లూమ్ చీరల కింద 'స్వచ్ఛమైన చేనేత' అని రాయమన్నారు. రాశాను. కొన్ని రకాల చీరలను చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చిందని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా రాసి ఉండేదాన్నేమో, నెలాఖరు జీతం అవసరం అటువంటిది. ఆ ఒక్క మాటతో నేను ఎవరి కూలిని తగ్గించానో, కండెలు చుట్టే ఆ చేతులు గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

1996లో బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీలు పెట్టినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే 1986 చట్టాన్ని ప్రకటనల మీద మనం ఎన్నోసార్లు గుర్తు చేశాం. అది అవసరమే. కానీ నిండుగా చీర కట్టిన స్త్రీ బొమ్మ వెనుక జీతం రాళ్ళు సరిగా అందని స్త్రీలు ఎందరున్నారో చూడమని ఆ చట్టం చెప్పదు. అది చూడవలసింది మనమే.

ఒక షాపులో ఫొటోలు తీస్తున్నప్పుడు దాని యజమాని పమిట సర్దే నెపంతో నా ఒంటి మీద చెయ్యి వేశాడు. ఆఫీసుకు వచ్చి చెప్పాను. "పెద్ద పార్టీ అమ్మా, చూసీ చూడనట్టు పో" అన్నారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. 1997లో విశాఖ తీర్పు వచ్చిందని, 2013లో చట్టం వచ్చిందని చదువుకున్నదాన్నే. అయితే పదిమంది ఉన్న చోటే కమిటీ వేయాలట, మేం ఆరుగురం కదా, మాకు చట్టం లేదనుకున్నాను. మరో నాలుగు నెలలు పనిచేసి, కారణం చెప్పకుండా మానేశాను.

నేను అనుకున్నది తప్పు. ఈ సంచికలో మీరు గుర్తుంచుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట ఫిర్యాదు తీసుకోవడానికే ఆ చట్టం జిల్లాకొక స్థానిక కమిటీని పెట్టమంది. యజమాని మీదే ఫిర్యాదయినా అక్కడికే వెళ్ళాలి. మండలాల్లో, మునిసిపాలిటీల్లో ఒక నోడల్ అధికారి ఉండి, వచ్చిన ఫిర్యాదును ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి. పని మీద వెళ్ళిన షాపు కూడా పనిచేసే చోటే. బయటి మనుషుల నుంచి రక్షణ కల్పించడం కూడా యజమాని బాధ్యతే. జీతం లేని ట్రైనీకి సైతం ఇవన్నీ వర్తిస్తాయి. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో అధికారిని నియమించాలని, 2025 జనవరి 31లోగా స్థానిక కమిటీలు వేయాలని ఆదేశించింది. చట్టం వచ్చిన పదకొండేళ్ళకు కూడా కోర్టు ఇట్లా గడువు పెట్టవలసి వచ్చిందంటే పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో మన మూడు ఊళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మన జిల్లా కమిటీలో ఎవరున్నారో, మన మండలం నోడల్ అధికారి ఎవరో మనలో ఎంతమంది చెప్పగలం?

అన్నిచోట్లా చట్టం ఇట్లా ఆదుకోదు. నాతో పనిచేసిన అమ్మాయి గర్భవతి అయినప్పుడు, "కాన్పయ్యాక చూద్దాంలే" అన్నారు. ఆమె తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. 2017 సవరణ తర్వాత 26 వారాల సెలవు గురించి మనం గొప్పగా చెప్పుకున్నాం. షాపులకు, ఆఫీసులకు అది వర్తించాలంటే పదిమంది ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే పది. ఆరుగురిలో ఒకరయితే మాత్రం పురిటి నొప్పులు తక్కువగా ఉంటాయా?

చివరగా, చెప్పడానికి కష్టంగా ఉన్న మాట. నేను ఆ పని మానేసి సంఘంలోకి వచ్చాక ఒక మార్చి 8కి పోస్టర్లు కావలసి వచ్చాయి. ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు ఒక చిన్న ఏజెన్సీకి ఫోన్ చేశాం. తెల్లవారేసరికి కావాలన్నాం. ఉద్యమం పని కదా అని రేటు తగ్గించమన్నాం. అక్కడి అమ్మాయి రాత్రి పదకొండు దాకా కూర్చుని చేసి ఇచ్చింది. ఆ పోస్టరు మీది నినాదం, పనిచేసే చోట భద్రత మా హక్కు అని. ఆ అమ్మాయి ఇంటికి ఎట్లా వెళ్ళిందో మేం అడగలేదు. ఆ ఫోన్ చేసింది నేనే.

కాబట్టి మన పని మన దగ్గర్నుంచే మొదలుపెడదాం. పోస్టరో కరపత్రమో చేయించేటప్పుడు వారం ముందు చెబుదాం. పొద్దుగూకిన తర్వాత పని అడగవద్దు. గీసినవాళ్ళ పేరు, రాసినవాళ్ళ పేరు కింద వేయిద్దాం. బిల్లు వెంటనే కడదాం. మన స్వచ్ఛంద సంస్థల్లో కూడా చాలావాటిలో పదిమంది లేరు. అక్కడి కార్యకర్తలకు నియామక పత్రం ఉందా? కాన్పు సెలవు ఉందా? "మనది ఉద్యమం, జీతాల లెక్కలేమిటి" అనడం కూడా ఆ అన్న చెప్పిన కుటుంబం మాటలాంటిదే కదా. నోడల్ అధికారి పేరు లిఖితపూర్వకంగా అడిగి, తెలుసుకుని, ప్రతి మేడ మెట్ల దగ్గరా అతికిద్దాం. కాన్పు సెలవుకు పదిమంది ఉండాలనే షరతు పోవాలని అడుగుదాం.

వచ్చే మూడు నెలల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలోని ఇటువంటి ఆఫీసుల మెట్లు ఎక్కి, అక్కడి ఆడపిల్లలతో మాట్లాడాలని మా సంఘం అనుకుంటోంది. మీ ఊళ్ళో మీరూ ఎక్కండి. ముందు వాళ్ళ పేర్లు అడగండి.