గాలి కాదు, మెదడు జబ్బు



హాస్టల్లో ఒకడు వారం రోజులు నిద్ర లేకుండా, ఆపకుండా మాట్లాడతా ఉంటే 'మదమెక్కింది' అంటాం. నెల తర్వాత వాడే మంచం దిగకపోతే మన కాలనీల్లో, తండాల్లో 'గాలి సోకింది' అంటారు. రెండూ ఒకే జబ్బు కావచ్చు: బైపోలార్. మెదడు లోపల ఉద్వేగాలు పుట్టే అమిగ్డాలాకు మెదడు ముందుభాగం పగ్గం వేస్తుంది. ఈ జబ్బులో ఆ పగ్గం సడలుతుంది. లిథియం లాంటి మందులతో అదుపులో ఉంటుంది. బాగైందని మనమే మాత్రలు ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది.

తాయెత్తు కట్టే పెద్దోళ్ళను తప్పుపట్టం, ప్రేమతోనే కడతారు. కానీ ఆలస్యమైతే చదువు పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. తిరుపతి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ఊరూరా ఎరుక చెప్పిన అవ్వల బిడ్డలం. ఈ ఎరుక మనోళ్ళకు మనమే చెప్పాల.