నుమాయిష్‌కు పునాది వేసిన సర్వే

ఏటా జనవరి ఒకటిన నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. నలభై ఐదు రోజుల పాటు కశ్మీరీ శాలువాలు, లక్నో చికన్ కుర్తాలు, గద్వాల చీరలు, పిల్లల రైలు, మిర్చి బజ్జీల వాసన. మూడు తరాలుగా అక్కడికి వెళ్తున్న కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. కానీ ఆ సంత అసలెందుకు పుట్టిందని అడిగితే చెప్పగలిగేవాళ్ళు తక్కువ. ఒక ఆర్థిక సర్వే చేయాలనుకున్న పట్టభద్రుల ఆలోచన అది.

1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం హైదరాబాద్ సంస్థానం ఆర్థిక స్థితిగతుల మీద సర్వే చేయాలని తలపెట్టింది. సర్వే అంటే ఊళ్ళు తిరగాలి, కాగితాలు అచ్చువేయాలి, అన్నిటికీ డబ్బు కావాలి. స్థానికంగా తయారైన వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే ఆ ఖర్చు వస్తుందని, పనిలో పనిగా మన చేతివృత్తులు పదిమంది కళ్ళలో పడతాయని వాళ్ళు లెక్కవేశారు. ‘నుమాయిష్ మస్నువాతే ముల్కీ’ అని పేరు పెట్టి పబ్లిక్ గార్డెన్స్‌లో వంద స్టాళ్ళతో మొదలుపెట్టారు. చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని చెబుతారు. జనం పెరిగి తోట సరిపోక 1946లో ఇప్పటి మైదానానికి మారారు.

వాళ్ళు చదువుకున్న విశ్వవిద్యాలయానికి అప్పటికి రెండు దశాబ్దాల వయసు కూడా సరిగ్గా నిండలేదు. 1919లో అబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్ళలో తరగతులు మొదలుపెట్టిన విద్యాలయం అది. ఆర్ట్స్ కాలేజీ భవనం ఇంకా పూర్తి కాకముందే అక్కడి విద్యార్థులు తమ చదువుకు బజారులో పని వెతికారు. నాకు వాళ్ళ మీద ఉన్న గౌరవం అందుకే.

సంత నిలబడింది, పెరిగింది. ఆ ఆదాయంతో, నుమాయిష్‌ను నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ పదిహేనుకు పైగా విద్యాసంస్థలు నడుపుతోంది. మైదానం పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ వాటిలోవే. టికెట్టు కొన్న ప్రతి మనిషీ ఎవరో ఒకమ్మాయి చదువులో చెయ్యి వేసినట్టే. ఇంతకన్నా మంచి ఫలితం ఏ పరిశోధనకు కావాలి? అయినా ఒక లోటు ఉంది. సంత పేరు అందరి నోటా ఉంది. దానికి మూలమైన సర్వే మాత్రం జనం జ్ఞాపకంలో లేదు.

సర్వే ఏం చేయగలదో తెలియాలంటే నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా నడిస్తే చాలు. భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం అక్కడే ఉంది. రక్షిత కౌలుదారు (ప్రొటెక్టెడ్ టెనెంట్), అతని పేరిట ఉన్న పీటీ భూమి, దాని మీద అతనికి యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్. తాతల నాటి ఈ మాటలు అక్కడికి వచ్చేవాళ్ళ సంచుల్లోని పాత కాగితాల్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఇవన్నీ 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం నుంచి వచ్చినవి. చట్టం కౌలుదారుకు రక్షణ ఇచ్చింది, భూమి కొనుక్కునే హక్కూ ఇచ్చింది. మరి పల్లెలో ఏం జరిగింది?

ఆ ప్రశ్నకు జవాబు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1958లో ప్రచురించిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో అధ్యయనంలో ఉంది. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలను ఊళ్ళలో పరిశీలించి రాసిన పుస్తకం అది. 1951లో రక్షిత కౌలుదారులుగా ఉన్న ప్రతి వందమందిలో నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ రక్షణతో మిగిలింది 45 మందే. 12 మంది భూమి కొనుక్కున్నారు. చట్టప్రకారం తొలగించినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. 22 మందిని చట్టానికి విరుద్ధంగా వెళ్ళగొట్టారు. ఇంకో 18 మంది దాకా ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నారట. దొర గడీ ముందు నిలబడి వేలిముద్ర వేసినవాడి ఇష్టం ఎలాంటిదో తెలంగాణ పల్లెలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. చట్టం అమలైందని దఫ్తర్లు చెబుతున్న రోజుల్లో, ఊళ్ళో జరిగింది వేరని ఒక విశ్వవిద్యాలయం అంకెలతో చూపించింది. దేశంలో కౌలు చట్టాల మీద జరిగిన చర్చల్లో ఆ అంకెలు దశాబ్దాల పాటు వినిపించాయి.

ఆ దారి అంతకుముందే పడింది. ఉస్మానియాలో అర్థశాస్త్రం బోధించిన ఎస్. కేశవ అయ్యంగార్ 1929–30లో సంస్థానంలోని గ్రామాలను శోధించి సంపుటాలుగా వెలువరించారు. సంస్థానం భారత్‌లో కలిసిన పోలీసు చర్య తర్వాత 1949–51లో మళ్ళీ అదే పనికి పూనుకున్నారు. రైతు అప్పు, కూలి, కమతం విస్తీర్ణం గురించి ఆ కాలం చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకాల దగ్గరికే వెళ్ళాలి.

ఇప్పుడు పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు పల్లెలకు వెళ్ళడం మానలేదు. ప్రశ్నావళులు పట్టుకుని ఎండల్లో తిరుగుతూనే ఉన్నారు. తేడా తిరుగు ప్రయాణంలో ఉంది. వైవా అయ్యాక థీసిస్ గ్రంథాలయం అల్మారాలోకో, థీసిస్‌లు భద్రపరిచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకో వెళ్తుంది. భాష ఎక్కువగా ఇంగ్లీషు. రెండు గంటలు కూర్చుని జవాబులు చెప్పిన రైతుకు తాను చెప్పింది ఏమైందో తెలియదు. నన్నడిగితే, థీసిస్‌తో పాటు రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. దాన్ని అధ్యయనం చేసిన ఊరి గ్రామసభలో చదవాలి. తప్పులుంటే మొదట పట్టుకునేది ఆ ఊరివాళ్ళే.

ఇక నుమాయిష్ మైదానం. దేశం నలుమూలల నుంచి వచ్చిన చేనేత వ్యాపారులు, చేతివృత్తులవాళ్ళు నలభై ఐదు రోజులు ఒకేచోట కూర్చుంటారు. ఇంత అవకాశం ఏ పరిశోధకుడికి దొరుకుతుంది? సొసైటీ, ఉస్మానియా అర్థశాస్త్ర శాఖ కలిసి అక్కడే ఒక స్టాలు పెట్టి, ఎంఏ విద్యార్థులతో ఏటా సర్వే చేయించి, ఉగాది నాటికి తెలుగులో, ఉర్దూలో ఫలితాలు ప్రకటిస్తే 1938 నాటి పని మళ్ళీ అందుకున్నట్టవుతుంది. గద్వాల చీరల దుకాణం దగ్గర ఆ పిల్లలు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా నాకు తెలుసు: ఈ చీర ధరలో మగ్గం మీద కూర్చున్న మనిషికి ముట్టింది ఎంత?