కూల్చే ముందు గోడను చదవాలి

కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో పాత రాతి గోడల ఇళ్లు కూలిపోతున్నాయి, వాటి జాగాలో స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. వానకు కారే మట్టిమిద్దెలో ఉండమని ఆ ఇంటివాళ్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ కూల్చే ముందు కొలిచి, ఫొటోలు తీసి, కట్టినవాళ్ల వివరం రాసిపెట్టుకోవాలి. ఈ ఇళ్లకు నక్షాలు ఉండవు. రాయి కొట్టిన వడ్డెరల పేర్లు ఏ శాసనంలోనూ ఎక్కలేదు. మిగిలిన ఆధారం గోడే.

ఆ గోడ చాలా చెబుతుంది. అడుగున పెద్ద గుండ్లు, పైకి పోయేకొద్దీ చిన్న రాళ్లు, సందుల్లో కూరిన రాతి చిప్పలు. లోపలంతా మట్టి అడుసే ఉండి బయటి సందులకు మాత్రం సున్నం పూశారంటే, కాల్చి గానుగలో నూరిన సున్నం ఆ ఇంటికి ఎంత ప్రియమో తెలుస్తుంది. రాతి అంచున ఉలితో తొలిచిన గుంటల వరస కనిపిస్తే అది చేతిపని. నిలువునా గుండ్రటి గాడి ఉంటే మిషను వచ్చాక కొట్టిన రాయి. రెండు ముఖాల గోడ మధ్య ఏం నింపారో, ఆ రెంటినీ పట్టి ఉంచే అడ్డరాయి ఎంత దూరానికొకటి వేశారో గోడ పగిలితే గాని తెలియదు. అందుకే కూల్చే రోజే అసలైన అధ్యయనానికి అదను. మర్నాటికి ఆ రాళ్లు కొత్త పునాదిలో చేరిపోతాయి.

పాత కట్టడాన్ని ఇలా రాయి రాయిగా చదవడం మనకు చేతకాక కాదు. శ్రీశైలం జలాశయం కోసం కూడవెల్లి, సోమశిల గుళ్లను రాయి రాయి విప్పి మెరక మీద తిరిగి నిలబెట్టారు. అదే నీటిలో మునిగిన ఊళ్ల ఇళ్లకు అలాంటి శ్రద్ధ దక్కలేదు. జనం బతుకే చరిత్ర అని పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసి చూపించినా, మన చూపు గుడినీ కోటనూ దాటలేదు.

పాత గోడలంటే దొరల భవంతులైన గడీలు కూడా. అవి దొరల దౌర్జన్యానికి గుర్తులు, వాటిని రాసిపెట్టడమెందుకని అడిగేవాళ్లున్నారు. కోపం న్యాయమైనదే. అయితే వెట్టికి రాళ్లు మోసినవాళ్ల శ్రమకు కూడా ఆ గోడే సాక్ష్యం. ఎవరు మోశారో చెప్పగల ముసలివాళ్లు ఉండగానే రాసుకోవాలి. నా మటుకు నేను గడీలకన్నా ముందు చిన్న ఇళ్లనే నమోదు చేయమంటాను. వాటిని పట్టించుకున్నవాళ్లే లేరు.

ఖర్చు సాకు నిలవదు. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ప్రభుత్వం 5 లక్షల రూపాయలను 4 విడతలుగా ఇస్తూ, దశదశకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తున్నారు. పునాది తవ్వకముందే అదే ఫోనుతో, పక్కన టేపు పెట్టి, పాత గోడనూ తీయవచ్చు. కల్వకుర్తి మున్సిపాలిటీ, చుట్టుపక్కల పంచాయతీలు కొత్త ఇంటి అనుమతి కాగితానికి ఆ ఫొటోలు, కొలతలు ఉన్న ఒక్క పేజీ జతచేయాలి.