మత్తు మానిన స్త్రీ ఎక్కడికి వెళ్ళాలి?

మద్యం గానీ మాదకద్రవ్యం గానీ మానటానికి వైద్యం పొందినవాళ్ళు చికిత్సా కేంద్రంలో గడిపేది కొన్ని వారాలు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నిద్ర, ఆకలి, పని, చేతిలో నాలుగు డబ్బులు, చుట్టూ ఉన్నవాళ్ళ నమ్మకం - ఇవన్నీ మళ్ళీ ఒక దారిలో పడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. ఆ కాలమంతా ఎక్కడ ఉండాలి? మగవాడి విషయంలో ఈ ప్రశ్న ఎవరూ పెద్దగా అడగరు, జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి. వేళకు మాత్ర చేతిలో పెట్టేది, పాత స్నేహితులను గుమ్మం దగ్గరే ఆపేది, అతను పనికి పోలేని రోజుల్లో తాను రెండు పనులు చేసి ఇల్లు గడిపేది భార్య. లేదా తల్లి. మగవాడికి మన సమాజం కట్టిపెట్టిన పరివర్తన గృహం పేరు భార్య.

మరి మత్తు మానింది స్త్రీ అయితే? ఆమెకు భార్య లేదు.

అలాంటి స్త్రీలు ఎందరుంటారని అడిగేవాళ్ళు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడాలి. 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో మద్యం తాగుతామని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం, తెలంగాణలో 6.7 శాతం. దేశం మొత్తానికి సగటు 1.3 శాతం. ఇక్కడ లెక్కకు వచ్చినవాళ్ళు తాగేవాళ్ళు. అందరూ వ్యసనపరులు కారు. కానీ కల్లు కాంపౌండుకు మగవాళ్ళు మాత్రమే వెళ్ళరని తెలంగాణలో ఎవరికి తెలియదు? 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం రోగులతో కిక్కిరిసిపోయింది. కల్లులో కలిపే ఆల్‌ప్రజోలాం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లకు అలవాటుపడిన శరీరాలవి. రోజంతా నడుం వంచి పని చేసి, సాయంత్రం ఆ నొప్పిని మరిచిపోవటానికి తాగినవాళ్ళని ‘తాగుబోతు ఆడది’ అని ఒక్క మాటతో తోసిపారేస్తే, వాళ్ళ శ్రమ గురించి మాట్లాడే అవసరం ఎవరికీ ఉండదు.

1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని సాధించింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించినా ఆ పోరాటం విలువ తగ్గదు. అయితే ఆ ఉద్యమపు భాషలో స్త్రీ తాగుబోతు భార్య, తాగుబోతు తల్లి. తానే తాగే స్త్రీకి అందులో చోటు లేకపోయింది. మంచి ఆడది - చెడ్డ ఆడది అన్న పాత విభజన మద్యం విషయంలో అలాగే మిగిలిపోయింది. మన విధానాలు కూడా ఆ విభజన మీదే నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు ఆమె ముందున్న దారులు చూద్దాం.

మొదటిది ఇల్లు. సలహా ఇచ్చేవాళ్ళంతా ముందు చెప్పేది ఇదే. కానీ కొట్టే భర్త ఉన్న ఇల్లు, తాగుడు మొదలైన ఇల్లు, ‘నువ్వు తాగినదానివి’ అని పిల్లలను దగ్గరకు రానివ్వని అత్తమామలున్న ఇల్లు కోలుకునే చోటు ఎలా అవుతుంది? వచ్చిన మర్నాటి నుంచే ఇంటిచాకిరీ అంతా ఆమె మీద పడుతుంది. మగవాడు కోలుకుంటుంటే ఇల్లు అతని చుట్టూ తిరుగుతుంది. స్త్రీ కోలుకుంటుంటే ఆమే ఇంటి చుట్టూ తిరగాలి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకుంది. చికిత్సకు పోయిందన్న కారణంతో ఆ హక్కు పోదు. ఇంటికి వెళ్ళే హక్కు వేరు, ఇంటికే వెళ్ళి తీరాలన్న ఒత్తిడి వేరు. మొదటిదాన్ని కాపాడుకుంటూనే రెండోదాన్ని నిరాకరించాలి.

రెండోది, చికిత్సా కేంద్రంలోనే గడువు పొడిగించటం. డబ్బు కట్టేది కుటుంబం, సంతకం పెట్టేది కుటుంబం, ఎప్పుడు పంపాలో చెప్పేదీ కుటుంబమే అయిన చోట ఇది వైద్యం పేరుతో జరిగే నిర్బంధంగా మారుతుంది. ఆస్తి తగాదా ఉన్నా, భర్తకు మరో సంబంధం ఉన్నా, ‘ఇంకా నయం కాలేదు’ అన్న మాట ఎంత సౌకర్యమో వేరే చెప్పాలా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. కుటుంబం లేదనో, రానివ్వలేదనో, ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదని దాని 19వ సెక్షన్ చెబుతుంది. హాఫ్‌వే హోంలు, చిన్న బృందాలు కలిసి ఉండే ఇళ్ళు ఏర్పాటు చెయ్యటం ప్రభుత్వ బాధ్యత అని కూడా చెబుతుంది. తల్లి చికిత్స పొందుతుంటే మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా విడదియ్యకూడదని 21వ సెక్షన్ అంటుంది. చట్టంలో ఇంత ఉంది. తల్లీబిడ్డలు కలిసి ఉండే హాఫ్‌వే హోం కోసం వెతికే స్త్రీకి మాత్రం తిరిగి ఇంటి గుమ్మమే గతి అవుతోంది.

మూడోది స్త్రీల వసతి గృహాలు. సఖి కేంద్రంలో తాత్కాలిక బస అయిదు రోజులకు మించదు. పాత స్వధార్, ఉజ్జ్వల గృహాలను కలిపి 2022 నుంచి ‘శక్తి సదన్’ అంటున్నారు. ఇవి ఆపదలో ఉన్న స్త్రీలకోసం, అక్రమ రవాణా నుంచి బయటపడినవాళ్ళకోసం ఉద్దేశించినవి. అవసరమైనవే. కానీ వ్యసనం నుంచి కోలుకునే క్రమాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి కావు. గేటుకు తాళం వెయ్యటమే రక్షణ అనుకునే చోట, సాయంత్రం సహాయక బృంద సమావేశానికి వెళ్ళాల్సిన స్త్రీ ఎలా బతుకుతుంది?

నాలుగోది, కోలుకుంటున్నవాళ్ళే కలిసి అద్దెకు తీసుకుని నడుపుకునే ఇల్లు. 1975లో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక హాఫ్‌వే హోం మూతపడబోతే అందులో ఉన్నవాళ్ళే ఆ ఇంటిని అద్దెకు తీసుకున్నారు. ‘ఆక్స్‌ఫర్డ్ హౌస్’లు అలా పుట్టాయి. అక్కడ జీతాల సిబ్బంది ఉండరు. అద్దె, ఖర్చులు అందరూ పంచుకుంటారు. పదవులకు తమలోంచే కొద్దికాలానికి ఎన్నుకుంటారు. ఎంతకాలం ఉండాలన్న గడువు లేదు. చికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లెనార్డ్ జేసన్ బృందం, చికిత్స ముగించుకున్న 150 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి రెండేళ్ళు గమనించింది. 2006లో అచ్చయిన ఫలితాల ప్రకారం మళ్ళీ మత్తు వాడినవాళ్ళు మామూలు పద్ధతిలో 64.8 శాతం, ఈ ఇళ్ళలో ఉన్నవాళ్ళలో 31.3 శాతం. ఆదాయం కూడా వీళ్ళకే ఎక్కువ.

అయినా ఆ నమూనాను కళ్ళకద్దుకుని తెచ్చుకోలేం. మళ్ళీ తాగితే వెంటనే బయటికి పంపటం అక్కడ మూల నియమం. రాత్రి పదింటికి హైదరాబాదు రోడ్డు మీదికి నెట్టిన స్త్రీకి ఏం జరుగుతుందో మనకు తెలుసు. హెరాయిన్ లాంటి మత్తు కొన్నాళ్ళు మానినవాళ్ళకు పాత మోతాదే ప్రాణాంతకం కావొచ్చు. అంటే ఆమెను ఒంటరిగా వదలకూడని ఘడియ సరిగ్గా అదే. కాబట్టి మన ఇళ్ళకు నియమం వేరుగా ఉండాలి: తూలిన స్త్రీని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఆమె మంచం ఆమెకే ఉంచాలి. మాత్రలన్నీ మత్తే అని నిషేధించే ఇల్లు కూడా ప్రమాదమే. ఆల్‌ప్రజోలాంకు అలవాటుపడిన శరీరానికి మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఆడవాళ్ళు నలుగురిని ఒక ఇంట్లో వదిలేస్తే కలిసి తాగరా అంటారు. మగవాళ్ళను కల్లు దుకాణం పక్కనే ఉన్న ఇంటికి పంపేటప్పుడు ఈ అనుమానం రాదు. అద్దెకు ఎవరిస్తారంటారు. నిజమే, ఒంటరి స్త్రీ అనగానే, దళిత స్త్రీ అనగానే తలుపు వేసుకునే ఇంటివాళ్ళున్న ఊళ్ళివి. అందుకే అద్దె ఒప్పందం మీద ప్రభుత్వమో, సంస్థో పూచీ ఉండాలంటున్నాం. ఇది మన దేశంలో సాధ్యం కాదనటానికి వీల్లేదు. చెన్నైలోని ‘ది బనియన్’ సంస్థ 2015 నుంచి, ఏళ్ళ తరబడి మానసిక చికిత్సా సంస్థల్లో ఉండిపోయిన స్త్రీలను నలుగురయిదుగురు చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్ళల్లో ఉండేలా చేస్తోంది. అంతకన్నా కష్టమైన పనా ఇది?

ఇక ఎంపిక గురించి. ఏ వసతి మంచిదని కేంద్రాల కరపత్రాలను అడిగితే ఫ్యాన్లు, యోగా, తోట చెబుతాయి. మనం అడగాల్సినవి వేరు. గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? నేను వెళ్ళిపోతానంటే ఎవరి అనుమతి కావాలి? నా ఫోను, నా జీతం, నా మందులు ఎవరి చేతిలో ఉంటాయి? నా బిడ్డ నాతో ఉండొచ్చా? నియమాలు చేసేటప్పుడు నా మాటకు విలువ ఉంటుందా? నేను మళ్ళీ తాగితే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాను? వీటికి సూటిగా జవాబు చెప్పని చోటు ఎంత శుభ్రంగా ఉన్నా అది పునరావాసం కాదు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల ఇళ్ళు లేనప్పుడు ‘నీకు నచ్చినది ఎంచుకో’ అనటం వెక్కిరింత. మద్యం అమ్మకాల మీద ఆదాయంతో ఖజానాలు నింపుకుంటున్న రెండు తెలుగు ప్రభుత్వాలూ అందులో ఒక వాటాను చట్టం తమ మీద పెట్టిన ఈ బాధ్యతకు కేటాయించాలి. ప్రతి జిల్లా కేంద్రంలో, పిల్లలతో సహా ఉండగలిగే, స్త్రీలే నడుపుకునే చిన్న ఇల్లు ఒకటైనా కావాలి. ఈ కోరికను ప్రభుత్వం ముందు పెట్టాల్సింది స్త్రీల సంఘాలే. సారా దుకాణం మూయించటానికి ఊరేగిన మనం, ఆ దుకాణం నుంచి బయటికి నడిచి వచ్చిన స్త్రీకి ఒక ఇంటి తలుపు తెరిపించటానికి కూడా ఊరేగాలి.