తిరుగు టపా ఖర్చు ఎవరిది?

ఆన్‌లైన్‌లో కొన్న చీర చిరిగి వస్తే, అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోమనడానికి వీల్లేదు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు ఈ మాట స్పష్టంగా చెప్పాయి. తిరిగి పంపే ఖర్చు ఎవరిదో మాత్రం అంత స్పష్టంగా చెప్పలేదు. "కొరియర్ మీరే చేయండి" అనడానికి ఆ సందు చాలు. బ్రిటన్‌లో 2015 చట్టం ఈ భారాన్ని వ్యాపారి మీదే పెట్టింది.

మూడొందల చీరకు వంద రూపాయల కొరియరా! ఇంట్లో చెబితే "నిన్నెవరు కొనమన్నారు?" అని మాట పడాలి. పొట్లం కట్టి, పోస్టాఫీసుకు తిరిగి పోగొట్టుకున్న పూటకూలి ఏ లెక్కలోకీ రాదు (స్త్రీల శ్రమ ఎప్పుడు లెక్కకొచ్చింది గనక).

2019 చట్టం ప్రకారం మనముండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చిరుగు ఫోటో, బిల్లు, కొరియర్ రసీదు దాచుకోండి. తిరుగు ఖర్చు కూడా అడగండి.