మన అచ్చు మన చేతికి రావాలె

రాసుడు ఒక ఎత్తు, అచ్చేసుడు ఇంకో ఎత్తు. కలం మన చేతిల ఉన్నా, ఏది పుస్తకం కావాల్నో ఏది చెత్తబుట్టల పడాల్నో చెప్పేది ఇంకొకరైతే మన రాతకు విలువేంది? దీనికి నల్లగొండ బిడ్డ స్కైబాబ తన పనితోనే జవాబు చెప్పిండు.

షేక్ యూసుఫ్ బాబా అనే స్కైబాబ కవి, కథకుడు. తన రాతతోనే ఆగలే. 1998లో ముస్లిం కవుల కవితలను ఒక్కచోట చేర్చి 'జల్‌జలా' తెచ్చిండు. 2004లో ముస్లిం కథలతో 'వతన్' తెచ్చిండు. 'నసల్ కితాబ్ ఘర్' పేరుతో సొంతంగా ప్రచురణ నడిపిండు. జల్‌జలా అంటే భూకంపం, వతన్ అంటే సొంత గడ్డ. ఇంటి మాటనే అట్ట మీదికి ఎక్కించిండు. 2011లో తన కథలు 'అధూరె' వచ్చినయి. 2016లో అవి 'వెజిటేరియన్స్ ఓన్లీ' పేరుతో ఇంగ్లీషులకు పోయినయి. ఆ పేరున్న కథల ముస్లిం ఆలుమగలు పట్నంల కిరాయి ఇల్లు దేవులాడుతరు.

"వాళ్ల ముచ్చట మనకెందుకు సార్?" అని ఒక తమ్ముడు అడిగిండు. నేను కొత్తగా నౌకరికి జనగామ వచ్చినప్పుడు కిరాయి మాట్లాడుకున్నంక ఇంటాయన "మీరేమోళ్లు సారూ?" అన్నడు. చెప్పిన. తెల్లారి "మా చుట్టాలు దిగుతున్నరు" అన్నడు. తమ్ముడూ, ఆ తలుపు ఇద్దరికీ ఒక్కటే!

ఆ సంగతి కథ రాసి ఒక పత్రికకు పంపితే, భాష సరిచేయమని తిప్పి పంపిండ్రు. మా అవ్వ మాటలు తీసేస్తే ఆ కథల మిగిలేది ఇంటి ఓనరే.

మనోళ్లూ దారి చూపిండ్రు. 2006లో గోగు శ్యామల, మన ఓరుగల్లు బిడ్డ జూపాక సుభద్ర కలిసి మాదిగ, ఉపకులాల ఆడోళ్ల కథలతో 'నల్లరేగటి సాల్లు' తెచ్చిండ్రు. వాళ్లు పూనుకోకపోతే ఆ కథలు ఒక్క పుస్తకమయ్యేటివా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సంఘాలకు నా మాట ఒక్కటే. ఏప్రిల్ 14కు దండలకు, ఫ్లెక్సీలకు పెట్టే పైసలల్ల సగం పక్కకు పెట్టుండ్రి. వాడల పెద్దమనుషుల వెట్టి ముచ్చట్లు, అవ్వల నాటు పాటలు వాళ్ల మాటల్నే రాసుకోండ్రి. కొనేటోళ్ల పేర్లు ముందుగాల పట్టీ రాసి, ఆ పైసలతో ప్రెస్సుకు పోండ్రి. అచ్చయినంక మాత్రం 'మనోడే కదా' అని పుస్తకం ఊకె అడగకుండ్రి. కొని చదువుండ్రి. మన పుస్తకం మనం కొనకపోతే రెండో పుస్తకం రాదు.