పిల్లలు ఏ బ్యాంకు మీద కూర్చున్నారు?

పోయిన నెల ఆరో తరగతికి ఒక ఇంగ్లీషు పేరా ఇచ్చాను. పిల్లలు సాయంత్రం ‘బ్యాంక్’ మీద కూర్చుని పడవలు చూస్తున్నారని అందులో ఒక వాక్యం. ఒక బాబు చెయ్యెత్తి, “బ్యాంకు మీదకెక్కితే సెక్యూరిటీ అంకుల్ ఊరుకుంటాడా మిస్?” అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ బాబు ఉండేది కృష్ణలంకలో. రోజూ చూసే ఏటి ఒడ్డును కూడా బ్యాంక్ అంటారని వాడికి తెలియదు.

తప్పు వాడిది కాదు, నాది. జూన్‌లో నేనిచ్చిన వర్డ్ లిస్టులో బ్యాంక్ అంటే డబ్బు దాచే చోటు అని ఒక్క ముక్కే ఉంది. డిక్టేషన్‌లో వాడికి పదికి పది వచ్చాయి.

పేరెంట్స్ మీటింగ్‌లో నేను తరచూ వినే మాట: “రోజుకు ఇరవై వర్డ్స్, మీనింగ్స్ రాయించండి మేడమ్.” మీ ఆదుర్దా అర్థమవుతుంది. కట్టిన ఫీజుకు ఫలితం కంటికి కనిపించాలి, నిండిన నోట్‌బుక్ కనిపిస్తుంది. కానీ ఒక మాటకు ఒకే అర్థమని బట్టీపట్టిన పిల్లలు పరీక్షలో కొత్త పేరా రాగానే ఆగిపోతున్నారు, అదీ తెలిసిన మాట దగ్గరే.

డబ్బుల బ్యాంకు అనే మాట ఇటాలియన్ ‘బాంకా’ నుంచి వచ్చింది. డబ్బు మార్చే వ్యాపారులు ముందు వేసుకునే బల్ల అది. ఏటి ఒడ్డు బ్యాంక్ వేరే దారిన ఇంగ్లీషులోకి చేరింది. ఇంకా వెనక్కి వెళితే రెండింటి మూలమూ ఒకటే. క్లాసులో పిల్లలు కూర్చునే బెంచీ కూడా వాటికి చుట్టమే! మన వైపు మాత్రం బ్యాంకంటే డబ్బే గుర్తొస్తుంది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, మా అమ్మమ్మ ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటుంది.

ఆ బాబుకు తెలుగులోనే చెప్పాను. “కట్ట అంటే ఏంటి?” అని క్లాసును అడిగాను. కొత్తిమీర కట్ట అన్నారొకరు, నోట్ల కట్ట అంది ఒక పాప. కరకట్ట అన్నది ఆ బాబే. నోట్లకూ ఏటిగట్టుకూ మనకూ ఒకటే మాట! రైతు బజారులో “కట్ట ఎంత?” అంటే కరకట్ట ధర ఎవరూ చెప్పరు కదా అన్నాను. అంతే, బ్లడ్ బ్యాంక్, క్వశ్చన్ బ్యాంక్ వాళ్లే అందుకున్నారు. గన్నవరంలో దిగే విమానం మలుపు తిరుగుతూ ఒక పక్కకు వాలడమూ బ్యాంకేనని నేను కలిపాను.

ఇంగ్లీషు మీడియంలో తెలుగేమిటని కొందరు అడగొచ్చు. ఇరవై మాటల డిక్టేషన్ కన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ పనిచేశాయి.

ఈ నెల నుంచి మా క్లాసులో రోజుకు ఐదు మాటలే, ఒక్కోదానికి రెండు వాక్యాలు. నోట్‌బుక్ పలచగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఇంట్లో “మీనింగ్ ఏంటి?” అనే ముందు, “ఏ వాక్యంలో వచ్చింది?” అని అడగండి.